అవి కలవని నీళ్లేనా?

అలస్కా సింధుశాఖలో ఒక పక్క పాలు కలిపినట్టున్న లేత నీళ్లు, మరో పక్క ముదురు నీలి నీళ్లు, మధ్యలో నురుగు గీత. ఈ ఫోటో చాలాకాలంగా మన మధ్య తిరుగుతోంది. 'ఇవి రెండు మహాసముద్రాలు, ఎన్నటికీ కలవవు' అని దానికింద రాసి, అర్రహ్మాన్ సూరాలోని 19, 20 ఆయతులను జోడిస్తున్నారు.

అవి రెండు మహాసముద్రాలు కావు. అక్కడి హిమానీనదాలు కొండరాళ్లను పిండిలా నూరుతాయి. కాపర్ నది వంటివి ఆ పిండిని సముద్రంలోకి మోసుకొస్తాయి. ఉప్పు తక్కువ గనుక ఆ నీరు తేలిక. కొంతసేపు విడిగా కనిపించి, చివరికి కలిసిపోతుంది.

'ఎవరి విశ్వాసమైనా బలపడితే మంచిదే కదా' అంటారు కొందరు సోదరులు. మేము ఒప్పుకోలేము. వార్త వస్తే విచారించుకోమని అల్‌హుజురాత్ సూరా (49:6) ఆదేశిస్తోంది. మనకు నచ్చిన వార్తకు మినహాయింపు ఎక్కడుంది? రేపు మన పిల్లవాడే బడిలో అసలు సంగతి తెలుసుకుంటే, అతను అనుమానించేది ఫోటోనా, ఆయతునా?

పైగా ఆ నీళ్లు కలవడమే గొప్ప సూచన. ఆ రాతిపిండిలో ఇనుము ఉంటుంది. నడిసంద్రంలో దానికి కొరత. నీళ్లు కలిసినప్పుడే అది కంటికానని నాచుకు అందుతుంది. నాచును తిని చిన్న ప్రాణులు, వాటిని తిని చేపలు బతుకుతాయి.