చెప్పవలసిన చరిత్ర, చెప్పదగిన చరిత్ర

గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో ఎఱ్ఱగుడి కడనున్న గుండ్లపై అశోకుని శాసనములు గలవని లోకమునకు తెలిసినది 1928–29 ప్రాంతమున. కనిపెట్టినవాడు చరిత్రకారుడు కాడు, భూగర్భశాస్త్రజ్ఞుడు. తుంగభద్రకు ఆవల మస్కిలో 1915లో శాసనము బయల్పడినప్పుడును దానిని చూచినవాడు బంగారు గనుల పనిమీద వచ్చిన యింజనీరే. రాళ్లలో లోహములను వెదకువారికి అక్షరములు దొరకినవి. ఊరివారికో, ఆ గుండ్లు పశువులు నీడకు చేరుచోట్లు మాత్రమే. ఇందు ఊరివారి తప్పేమియు లేదు. చదివి చెప్పినవాడు లేడు.

చెప్పుట యనునది ఆ శాసనకర్త స్వయముగా విధించిన పని. ఎఱ్ఱగుడి లఘుశాసనములో భేరి మ్రోయించి జనపదమునకు దీనిని తెలుపవలెననియు, మావటీలకు, లేఖకులకు, రథసారథులకు, బ్రాహ్మణోపాధ్యాయులకు చెప్పి, వారిచే శిష్యులకు బోధింపజేయవలెననియు ఆజ్ఞ గలదు. ఉపాధ్యాయుని పేరు ఆ పట్టికలో నుండుట చూచినప్పుడు మావంటివారికి కొంత గర్వము, కొంత బెదురు కలుగును.

ఇటీవల ఏప్రిల్ 18వ తేదీని స్మారకస్థలముల దినమనియు, నవంబరు 19 మొదలు 25 వరకు వారసత్వ వారోత్సవమనియు పలుచోట్ల జరుపుచున్నారు. పిల్లలను కోటలకు, గుళ్లకు, శాసనముల కడకు తీసికొనిపోవుట మంచిదే. కాని అచ్చట నిలిచి ఏమి చెప్పవలెను? చెప్పదగినది మాత్రము చెప్పి, నొప్పించునది దాటవేయుట ధర్మమా? మన పక్కన వేర్వేరు మతములవారు, కులములవారు కూర్చుండి వినుచుండగా, ‘పాతగాయములను రేపకుడు, శిల్పముల సొగసు చెప్పి ముగింపుడు’ అని హితవు చెప్పు పెద్దలు కలరు. వారి మాట తేలికగా త్రోసివేయదగినది కాదు.

ఏలయన, అశోకుడే అట్లు చేసెను. కళింగ యుద్ధమున లక్షన్నరమంది చెరపట్టబడిరనియు, లక్షమంది హతులైరనియు, అంతకు పెక్కురెట్లు మరణించిరనియు ఒప్పుకొని పశ్చాత్తాపము ప్రకటించిన పదమూడవ శాసనము ఎఱ్ఱగుడిలో నున్నది. కళింగ దేశములోని ధౌలి, జౌగడలలో మాత్రము అది లేదు! అచ్చట పదునొకండు, పండ్రెండు, పదమూడు శాసనములను విడిచి, రెండు ప్రత్యేక శాసనములను చెక్కించి, మనుష్యులందఱును నా బిడ్డలు అని చెప్పించెను. ఎవరికి గాయము తగిలెనో వారు ఆ పశ్చాత్తాపమును తమ నేలమీద చదువలేదు; మన కర్నూలు మండలపు బండలు చదివినవి. కొత్తగా గెలిచిన దేశమును శాంతముగా నుంచవలసిన రాజున కిది నీతి యనిపించి యుండవచ్చును. కాని బిడ్డలని పిలుచుటకును బిడ్డలకు చేసిన కీడు చెప్పుకొనుటకును నడుమ ఎంత దూరము!

రాజునకుండిన అక్కఱ ఉపాధ్యాయునకు లేదు. మఱియు, మనము చెప్పకున్నంత మాత్రమున ఆ చోటు ఖాళీగా నుండదు. చావడిలో వినికిడి దానిని నింపును; ఆ వినికిడిలో ప్రతి యుద్ధమును రెండు మతముల యుద్ధమే యగును. ఆదోనినే చూడుడు. విజయనగర రాజుల తరువాత బిజాపురమువారి పక్షమున సిద్ది మసూదుఖాను ఈ కోట నేలెను. 1688 ప్రాంతమున దానిని ముట్టడించి గైకొన్నది ఔరంగజేబు సేనాని. ఫిరంగులను జుమ్మామసీదువైపు త్రిప్పగా, ప్రాణముకంటె దానిని మిన్నగా నెంచిన మసూదుఖాను లొంగిపోయెనని ఐతిహ్యము. మసీదును కాపాడుటకై కోట విడిచినవాడును, దానికి గురిపెట్టినవాడును ఒకే మతమువారు. 1786లో టిప్పు సుల్తాను వచ్చి కోటను పడగొట్టినప్పుడు అతని కెదుటనున్నది నైజాము వంశీయుడు. ఆ వంశీయునకు తోడ్పడ వచ్చినవారిలో మహారాష్ట్రులు నుండిరి. దీనిని ఉన్నదున్నట్లు చెప్పినచో, నీవారు, నావారు అను గీత ఎక్కడ గీయవలెనో వినువానికే తోచదు. దాచుటవలన లభించునని పెద్దలాశించు శాంతి, చెప్పుటవలననే ఎక్కువగా లభించునని నా యభిప్రాయము.

అయితే చెప్పు తీరొకటి కలదు. ఎఱ్ఱగుడిలోనే యున్న పండ్రెండవ శాసనము, స్వమతమును పొగడుటకై పరమతమును తూలనాడవద్దనియు, వాక్కును అదుపులో నుంచుకొమ్మనియు ఉపదేశించును. మా వంశము, మా కులము, మా దేవళము అని వక్తలు గొంతెత్తు సభలలో ఈ మాట కవసరము మెండు. గొప్పలు మాత్రమే విన్నవానికి పాతగుడి అనగా గుప్తధనమనియే తోచునేమో! అర్ధరాత్రి పలుగుతో పునాదులు త్రవ్వువారు మన ప్రాంతమున కొఱవడలేదు. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి చట్టమే చెప్పుచున్నను, ఆ త్రవ్వినవారికి తెలిసినది చట్టమును కాదు, చరిత్రయును కాదు.

దత్తమండలములలో మెకంజీ దొర మనుష్యులు సేకరించిన కైఫీయతులలో ఊళ్ల కరణములు చెప్పిన మాటలే అధికము. నేడును అట్లు ఊరివారిచేతనే చెప్పింపవచ్చును. ఆదోని 1953 వరకు బళ్లారి మండలములోనిది. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఇచ్చట బజారు భాషలు. రాబోవు ఏప్రిల్ 18న సాయంకాలము కోట దిగువను ఆ పదమూడవ శాసనపు తాత్పర్యమును మూడు భాషలలోను చదివింపవచ్చును. ఎమ్మిగనూరు మగ్గములవారును పని ముగించుకొని రాగల వేళయై యుండవలెను. చదువుటకు పండితుడే కావలెనని లేదు; లెక్కలు చెప్పు పంతులైనను చాలును, గొంతు కొంచెము పెద్దదైన యెడల.