వంపున నిలిచిన నీరు

ఉండవలసినవారు లేనప్పుడు ఒక వస్తువును కాపాడుట యనగా దానిని నింపి యుంచుటయా, ఖాళీ చేసి యుంచుటయా అను సందేహము కొంతకాలముగా నన్ను విడువకున్నది. మన వేదాంతులు దీనికి ఎన్నడో సమాధానము చెప్పియుంచినారని పెద్దలందురు గాని, ఆ సమాధానము నేను నల్లా విప్పి నిలుచున్నంతసేపైనను నిలుచుట లేదు.

నేను కాపురముండు పీర్జాదిగూడలో, వరంగల్లు రోడ్డునుండి మూసీవైపు దిగు వీధులలో, తాళము వేసిన ఫ్లాటు లేని భవనము అరుదు. మా భవనములో అట్టివాటి తాళపుచెవులు కొన్ని నా యొద్ద నున్నవి. యజమానులు డాలస్‌లోను మెల్‌బోర్న్‌లోను ఉద్యోగములు చేయుచుందురు. నేను ఉద్యోగము విరమించి యింట కూర్చున్నవాడను గనుక ఈ కావలి నాకు సంక్రమించినది. మూసిన యింట ముందుగా చెడునది యేదని యడిగినచో గోడ యనియో తలుపనియో చెప్పుదురు. అవి రెండును కావు. స్నానపుగది నేలమీది జాలీ క్రింద, వంపుగొట్టములో నిలిచియుండు చేరెడు నీరు. ఆ నీరున్నంతవరకు మురికికాలువ గాలి యింటిలోనికి రాజాలదు. వేసవిలో నలువది డిగ్రీలు దాటిన యెండకు ఆ చేరెడును కొన్ని వారములలో ఆవిరియై పోవును. పిమ్మట దుర్గంధము, దాని వెంబడి బొద్దింకలు. బోరునీటి సున్నము పట్టి నల్లాలు బిగుసుకొనిపోవును. ఇన్వర్టరు బ్యాటరీలో నీరు తగ్గి పలకలు బయటపడును. ఉప్పల్ నుండి నారపల్లి వరకు 2018లో మొదలుపెట్టిన పైవంతెన పుణ్యమా యని, మూసిన కిటికీల సందులనుండి కూడ దుమ్ము వచ్చి నేలపై మేట వేయును. కావున నేను అప్పుడప్పుడు తలుపులు తీసి, నల్లాలన్నియు విప్పి, ప్రతి జాలీలోను చెంబెడు నీరు పోసి వత్తును. మా వాచ్‌మన్ దీనికొక సిద్ధాంతము చెప్పును: "నీళ్లు ఇడువకపోతె ఇల్లు సచ్చిపోతది సార్." ఆ సిద్ధాంతమును నేను చాలకాలము సంపూర్ణముగా నమ్మితిని. మిన్నెసోటాలో మా అబ్బాయి ప్రక్కన మోకాళ్లపై కూర్చున్న యొక అక్టోబరు ఉదయమున అది సందేహాస్పదమైనది.

మా అబ్బాయికి చక్రముల మీది చిన్న యిల్లొకటి కలదు. అచ్చటివారు దానిని ఆర్వీ యందురు. పడక, పొయ్యి, మరుగుదొడ్డి, నీటితొట్టి, నీళ్లు కాచు యంత్రము సమస్తమును అందులోనే యుండును. వేసవిలో దానిని తోలుకొని సుపీరియర్ సరస్సు తీరమునకును, అడవులలోనికిని పోయి కొన్ని దినములు గడిపి వత్తురు. అక్టోబరు రాగానే దానిని ఇంటి ప్రక్కన నిలిపివేయుదురు. మరల ఏప్రిలు వరకు అందులో మనిషి యుండడు, వెచ్చదన ముండదు. జనవరి రాత్రులలో అచ్చట సున్నకు దిగువన ఇరువది, ముప్పది డిగ్రీలైనను ఆశ్చర్యము లేదు. మన హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి నాటి 6.1 డిగ్రీలు, అనగా నీటికి గల అసలైన దుస్స్వభావము మన గొట్టముల యనుభవములోనికి వచ్చియుండలేదు. చల్లబడిన కొలది సంకోచించుట పదార్థముల సాధారణ ధర్మము కాగా, నీరు 4 డిగ్రీల వరకు ఆ ధర్మమును పాటించి, అటుపిమ్మట ఎదురుతిరిగి, గడ్డకట్టునప్పటికి పరిమాణములో దాదాపు 9 శాతము పెరుగును. ఆ పెరుగుదలకు అడ్డుపడినది బద్దలు కావలసినదే. 1784, 1785 సంవత్సరముల చలిలో ఎడ్వర్డ్ విలియమ్స్ అను సైనికాధికారి క్యూబెక్ నగరమున బోలు ఇనుపగుండ్లను నీటితో నింపి, బిరడాలు బిగించి, ఆరుబయట నుంచగా, ఒక బిరడా 400 అడుగులకు పైగా ఎగిరిపడెనట. బిరడా కదలనిచోట గుండే చీలెనట. ఇనుపగుండునకే ఆ గతి పట్టినప్పుడు ప్లాస్టిక్కు గొట్టమును గూర్చి చెప్పనేల?

ఆ ఉదయమున గడ్డిపై తెల్లని పొర పట్టియుండెను. అబ్బాయి ముందుగా నీళ్లు కాచు యంత్రమును ఆర్పి, అది చల్లారు వరకు ఓపికగా కూర్చుండి, అడుగు బిరడా విప్పెను. తరువాత మంచినీటి తొట్టి, వాడిననీటి తొట్టి, మరుగుదొడ్డి తొట్టి, ఒక్కొక్కటిగా ఖాళీ యైనవి. కోడలు లోపల అలమరలు తుడుచుచు, "మామయ్యగారూ, చేతులకు తొడుగులు వేసుకోండి" అని రెండుమారులు హెచ్చరించెను, నేను వినలేదు. పిమ్మట గాలిమోటారు తగిలించి, గొట్టములలో మిగిలిన నీటిని గాలితో వెడలగొట్టుట మొదలైనది. గాలి మితి మీరినచో కీళ్లే యూడిపోవునట. అతడు కొలతముల్లుపై నుండి చూపు త్రిప్పలేదు.

"నాన్నా, వంటింటి కుళాయి తిప్పండి. చల్లనీళ్లది."

"నీళ్లు రావట్లేదురా."

"గాలి వస్తోందా?"

"గాలీ, తుంపరలూ."

"తుంపరలు ఆగేదాకా అలాగే ఉంచండి."

అంతయు అయినదని నేను లేచి నడుము సరిచేసికొనుచుండగా అతడు గులాబిరంగు ద్రవముతో నిండిన డబ్బాలు తెచ్చెను. ఇంజనులలో పోయు ఇథిలీన్ గ్లైకాల్ విషము. ఇది ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసినది, త్రాగునీటి గొట్టములలో పోయదగినది. కాచు యంత్రమునకు పోవు దారిని మూసి, చిన్న పంపుతో ఆ ద్రవమును గొట్టములలోనికి ఎక్కించి, ప్రతి కుళాయి నుండియు గులాబిరంగు కనిపించు వరకు మేము వేచియుంటిమి. చివరకు తొట్లక్రింది వంపులలో గిన్నెడు గిన్నెడు పోసెను. ఇంత శ్రమపడి తీసివేసి మరల పోయుట యేమిరా యని నేనడిగితిని. అతడు తల యెత్తకయే, "వంపులో ఉన్నది పూర్తిగా తియ్యలేం నాన్నా. తియ్యలేనిచోట పగలగొట్టనిది పొయ్యాలి" అనెను.

ఆ ద్రవమును గూర్చి తరువాత తెలిసికొన్నది మరింత విచిత్రముగా నున్నది. డబ్బాపై వ్రాసిన శీతలపు హద్దు గొట్టము పగులకుండుటకు చెప్పిన హద్దే గాని ద్రవము గడ్డకట్టకుండుటకు చెప్పినది కాదు. అంతకు చాల ముందుగనే అది చిక్కబడి సంకటివలె ముద్దగట్టును. అనగా చలిని జయించుట దాని పని కాదు. చలికి లొంగిపోవుచు, ఆ లొంగుటలో ప్రక్కవానిని చీల్చకుండుట దాని పని.

నీరు పల్లమెరుగునను సామెత నాకప్పటినుండి సగమే నిజమని తోచుచున్నది. నీరు పల్లమెరుగును, ఎరిగి అచ్చటనే కూర్చుండును. మనస్సును ఖాళీ చేసికొమ్మని ఉపదేశించువారెవ్వరును ఒక వంపుగొట్టమును విప్పి చూచినవారు కారని నా నిశ్చయము. సంపూర్ణముగా ఖాళీ కాదగినది నిలువుగొట్టము మాత్రమే. అరువదేండ్లు సంసారము చేసినవానిలో నిలువుగా నున్న దేమి మిగులును? తామరాకును చూపి, నీటిబొట్టు అంటదు చూడుమని మురియుదురు. తామరాకునకు వంపు లేదను సంగతి వారెన్నడును చెప్పరు. వారు ఖాళీ యైతిమని చెప్పుకొనుచుండగా నేను గమనించినదేమనగా, ప్రతివారును వంపులలో ఏదో యొకటి పోసికొనియే యున్నారు: ఒకరు జపము, ఒకరు దినపత్రిక, ఒకరు పరాయి కుటుంబముల తగవులు.

పోనిండు, నింపుటయే రక్ష యందమా? ఆ పక్షమువారు ఇంకను సులభముగా దొరికిపోవుదురు. మా క్రింది యంతస్తులోని ఒక పెద్దావిడ తమ్ముని మూసిన ఫ్లాటులో శనివారమునాడు దీపము పెట్టి వచ్చును. దీపము లేని యిల్లు ఇల్లు కాదని ఆమె విశ్వాసము. దీపము సంగతి నేనేమనను. కాని ఆ దీపము వెలుగుచుండగనే జాలీలోనుండి బొద్దింకలు పైకి వచ్చుచున్నవి; చెంబెడు నీరు నేనే పోయవలసి వచ్చుచున్నది.

ఇదంతయు పరిష్కారమైనదని యనుకొందునేని బ్యాటరీ అడ్డుపడును. ఆ అక్టోబరున మా అబ్బాయి నీటి నంతయు తీసివేసినవాడే, బ్యాటరీని మాత్రము ఊడదీసి, ఇంటిలోనికి తెచ్చి, నిండుగా నింపెను. నిండిన బ్యాటరీ సున్నకు దిగువ 50 డిగ్రీల వరకు చెక్కుచెదరదట. విద్యుత్తు పోయిన బ్యాటరీ దిగువ 10 డిగ్రీలైనను రాకమునుపే గడ్డకట్టి పగులునట. ఏలన, విద్యుత్తు తరిగిన కొలది ఆమ్లము పలుచనై అందులోని ద్రవము నీటికి దగ్గర యగుచు వచ్చును. ఒకే బండి సామగ్రిలో ఒకటి ఖాళీ యగుటచేతను ఒకటి నిండుగా నుండుటచేతను బ్రతుకుచున్నవి. ఇంక సిద్ధాంతమెక్కడిది? మా వాచ్‌మన్ చెప్పినది పీర్జాదిగూడలో సత్యము, మిన్నెసోటాలో ప్రాణాంతకము. సత్యమునకు ఇంత వాతావరణము అవసరమని నేను యౌవనమున అనుకొనలేదు.

ఇచ్చట నా మనస్సు ఒక ఉపమానమును పట్టుకొని పరుగెత్తబోవును. దానిని పట్టి నిలుపుట కష్టముగా నున్నది. దూరదేశము పోయిన మన పిల్లలు తమలోని ఊరిని, భాషను, తల్లిదండ్రులను తొట్టి విప్పి వదలినట్లు వదలి, పగులకుండునంతమాత్రము ఒక ఆదివారపు ఫోనును వంపులో పోసికొని, అచ్చటి చలిని దాటుచున్నారని చెప్పవచ్చును. చెప్పినచో సభలో తల లూపనివారుండరు. ఇంత సులభముగా కుదిరినందుననే దీనిని నేను నమ్మను. ఆ ఉదయమున గడ్డిపై మోకరించి, తుంపరలు ఆగినవా యని మాటిమాటికి అడిగినవాని ముఖమున వదలుకొనుచున్న వాని చాయ లేశమైనను లేదు. వాడు ఏప్రిలును చూచుచుండెను. మంచు కరగిన పిమ్మట మంచినీరు ఎక్కించి, గులాబిరంగు పోయి నురుగు ఆగు వరకు కడిగి, ఎక్కడను కారుట లేదని సరిచూచి, బయలుదేరు దినమును చూచుచుండెను. ఖాళీ చేయుటయో నింపుటయో వానికి పట్టలేదు. దినము పట్టినది.

అట్లయినచో నా సందేహమే తప్పుత్రోవలో నడచుచున్నదేమో. రక్షించుటకు తిథి కావలయును. తిథి యున్న శూన్యము నిలుపుదల. తిథి లేని శూన్యము పాడుపడుటయే గాని, మనము దానికి తాళము వేసి మర్యాద చేయుచున్నాము. నా యొద్దనున్న తాళపుచెవులలో దేనికి ఏప్రిలు కలదు? ఎప్పుడు వచ్చెదరని యడిగిన ప్రతివారును వచ్చే ఏడు అందురు. వచ్చే ఏడు ఏ పంచాంగములోను లేదు.

ఇచ్చట ఆగవలెనని యుండెను గాని ఒక కప్ప ఆగనిచ్చుట లేదు. ఆ మిన్నెసోటా అడవులలోనే చెట్ల ఆకుల క్రింద చలికాలము గడపు గోధుమరంగు కప్ప యొకటి కలదు. గడ్డకట్టు వేళకు దాని కాలేయము చక్కెరను రక్తములోనికి కుమ్మరించును. దేహములోని నీటిలో మూడింట రెండు వంతులవరకు కణముల వెలుపల మంచై పోయినను కణములు చీలవు. గుండె ఆగును, ఊపిరి ఆగును. వసంతమున గుండె మరల కొట్టుకొనును. ఆ కప్ప నీటిని తీసివేయలేదు, నిండుగను ఉంచలేదు. వెలుపలికి జరిపి లోపల తీపి పోసికొన్నది. దానికి ఏప్రిలు అనునది తెలియదు. మరల మేల్కొందునన్న యాశయైనను దానికి గలదని చెప్పుటకు వీలులేదు. తిథి లేకయే అది రక్షింపబడుచున్నది గదా! తిథి సిద్ధాంతమును నేనెంత ముచ్చటపడి కట్టుకొన్నను, ఈ కప్పకు అందులో చోటు లేదు. కప్ప తన్ను తాను కాచుకొన్నది, ఫ్లాటును మరియొకడు కావవలెను, అదియే భేదమని సరిపెట్టుకొనవచ్చును; కాని జాలీలో చెంబెడు నీరు పోయుచున్న వేళ నేను యజమానిని గాని వారి రాకను గాని తలచుట లేదు. వంపు ఎండినది, నీరు పోయవలెను. అంతకు మించిన తలంపు అప్పుడు నాలో నున్నట్లు గుర్తు లేదు. నిష్కామకర్మ యని మీరు వెంటనే అందురు. ఆ బిరుదు నాకు వలదు. నా స్నానపుగదిలోనికి ప్రక్క ఫ్లాటు బొద్దింకలు వచ్చుట నాకిష్టము లేదు. ఆ కోరిక మిక్కిలి సకామమైనది.

మొన్న డాలస్‌లోని యజమాని ఫోను చేసినప్పుడు, ఫ్లాటును ఎవరికైన అద్దెకిమ్మని గట్టిగా చెప్పితిని. నాచారము పరిశ్రమలలో పనిచేయువారు, ఉప్పల్ మెట్రో యెక్కి పోవువారు ఇండ్లకై తిరుగుచునే యున్నారు.

"అద్దెకున్నవాళ్లు గోడలు పాడుచేస్తారు అంకుల్."

"చెయ్యనీ నాయనా. మేకులు కొడతారు, తాలింపు మరకలు పడతాయి. రోజూ నల్లా తిప్పుతారు కదా."

"వచ్చే ఏడు మేమే వస్తున్నాం కదంకుల్. అప్పటిదాకా కొంచెం చూస్తుండండి."

అతడు అద్దెకిచ్చుటకు ఒప్పుకొనలేదు. తాళపుచెవి తిరిగి పంపెదనని నేనును అనలేదు. వాని ఇన్వర్టరు బ్యాటరీలో పోయుటకు శుద్ధజలము అయిపోయినది. వీధి మొగనున్న బ్యాటరీల దుకాణము ఆదివారము మూసియుండును గనుక శనివారము సాయంత్రమే తెచ్చుకొనవలెను.