ఎంత దూరంలో నిలబడాలి

విశాఖపట్నంలో సముద్రాన్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. వాలుగా దిగే ఏ రోడ్డు చివర చూసినా నీలంగా ఎదురవుతుంది. ఒక పక్క కొండలు, ఒక పక్క నీళ్లు, మధ్యలో దొరికిన చోట సర్దుకున్న ఊరు. ఒంటరిగా తిరిగేవాడికి ఇంతకంటే తేలికైన ఊరు ఉండదు. దారి తప్పితే నీళ్లవైపు నడవడమే, ఎక్కడో ఒకచోట బీచ్ రోడ్డు తగులుతుంది.

అయినా మన ఇళ్లలో ఒంటరి ప్రయాణమంటే ఇంకా అనుమానమే. "ఒక్కడివే వెళ్లి ఏం చేస్తావురా?" అనే ప్రశ్నలో సగం జాలి, సగం నింద. ఆడపిల్లనైతే ఆ ఒక్క ప్రశ్నతో వదలరు కూడా. మనకు ప్రయాణమంటే పదిమంది, పులిహోర పొట్లాలు, కిటికీ సీటు కోసం పిల్లల పేచీలు. అందులో సుఖం లేదని నేననను. కానీ పదిమందితో వెళ్లినప్పుడు ఊరి కంటే ఆ పదిమందే ఎక్కువ కనపడతారు. ఎవరికి ఆకలేస్తోంది, ఎవరికి ఎండ పడదు, ఎవరు ఎందుకు అలిగారు, రోజంతా ఈ పద్దులే. అవి లేని రోజు ఒకటి అప్పుడప్పుడూ కావాలి. మనుషులంటే విసుగు పుట్టి కాదు. ఎవరికి ఎంత దగ్గరగా ఉంటున్నామో కాస్త పక్కకు జరిగితే గాని తెలియదు.

డిసెంబరు నెల. రాత్రి బండి దిగి, సంచి స్టేషన్‌లోనే అప్పజెప్పి రామకృష్ణా బీచికి వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పొద్దున్నే కాసేపు ఈ రోడ్డు మీద బండ్లను రానివ్వరు. ఆ కాసేపూ అది రోడ్డులా ఉండదు, ఊరంతటికీ ఉమ్మడి వాకిలిలా ఉంటుంది. మంకీ క్యాపులు పెట్టుకున్న రిటైరైన పెద్దమనుషులు, చీర మీద స్వెట్టరు, కాళ్లకు బూట్లు వేసుకుని చకచకా నడిచే ఆడవాళ్లు, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు, గట్టు పక్కన రాగి అంబలి అమ్మే బండి. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. అందరి ఫోన్లూ ఒక్కసారి పైకి లేస్తాయి. అది అయిపోగానే ఎవరి నడక వారిది.

ఒక పెద్దాయన మాత్రం ఫోను తీయలేదు. పంచె మోకాళ్ల పైకి కట్టి, తడి ఇసుక మొదలయ్యే చోట నిలబడ్డాడు. అల వచ్చి, నురగ ఒక్కటే ఆయన బొటనవేళ్లను తాకి వెనక్కి పోయేది. పెద్ద అల వస్తే రెండడుగులు వెనక్కి, అది తీశాక మళ్లీ రెండడుగులు ముందుకి. కళ్లు మూసుకునే ఈ పని చేస్తున్నాడు. చప్పుడును బట్టే తెలుస్తున్నట్టుంది. ఎంతకాలంగా వస్తున్నారని అడగాలనిపించింది గాని అడగలేదు. ఒంటరిగా వచ్చినవాడికి ఆ పాటి మర్యాద తెలియాలి: ఎదుటివాడూ ఒంటరిగా ఉండటానికే వచ్చి ఉండొచ్చు.

ఆయన నిలబడ్డ చోటుకు అర్థముంది. ఈ తీరం చూడటానికి ఎంత బాగుంటుందో, దిగడానికి అంత చెడ్డది. నాలుగడుగులు వేసేసరికి కాళ్ల కింద నేల పల్లమైపోతుంది. వచ్చే అల కంటే వెనక్కి లాగే నీటికే జోరెక్కువ. ఈత వద్దన్న బోర్డులు, విజిళ్లతో తిరిగే లైఫ్ గార్డులు అందుకే. అయినా ఏటా ఇక్కడ ప్రాణాలు పోతూనే ఉంటాయి. పోయేవాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లు, స్నేహితులతో వచ్చినవాళ్లు. ఒకడు దిగితే రెండోవాడు ఆగలేడు. గుంపు ఇచ్చే ధైర్యాల్లో ఇదొకటి.

ఇక ఆ ఇసుక కూడా ఉన్నచోట ఉండేది కాదు. ఏడాదిలో ఎక్కువ కాలం అలలు నైరుతి దిక్కు నుంచి ఏటవాలుగా వచ్చి తీరం వెంట ఇసుకను ఉత్తరానికి తోసుకుపోతాయి. ఈశాన్య గాలులు తిరిగే నెలల్లో కొంత వెనక్కి తెస్తాయి. బీచికి దక్షిణాన ఓడరేవు ఉంది. రేవును కాపాడటానికి సముద్రంలోకి కట్టిన రాతి గోడల దగ్గర ఉత్తరానికి రావలసిన ఇసుక ఆగిపోతుంది. వచ్చేది తగ్గి, పోయేది పోతుంటే బీచి కోసుకుపోతుంది. అందుకని రేవువాళ్లు అక్కడ పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఇటు పోయిస్తుంటారు. అంటే పెద్దాయన కాళ్ల కింద ఉన్నది ఒకచోట ఆగిపోతే మరోచోట పెట్టిన ఇసుక. 1933లో రేవు తెరిచినప్పుడు ఇదంతా ఎవరూ లెక్క వేసుకుని ఉండరు. ఒకచోట అడ్డుకట్ట వేస్తే లోటు మరెక్కడో తేలుతుంది. ఇళ్లలోనూ ఇంతే, కాకపోతే అక్కడ డ్రెడ్జరు దొరకదు.

అదే రోడ్డు మీద కురుసుర ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన జలాంతర్గామి. 2001లో పని చాలించింది, మరుసటి ఏడాది నుంచి ఇసుక మీద మ్యూజియంగా నిలబడింది. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే పెద్దదే. లోపలికి అడుగు పెడితే గాని అది 75 మందికి ఎంత చిన్నదో తెలియదు. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత. కాలు ముందు పెట్టి, తల వంచి, ఒళ్లు ముడుచుకుని దాటాలి. నా వెనక వచ్చిన భారీ మనిషి ప్రతి కంత దగ్గరా "రామచంద్రా" అంటూనే ఉన్నాడు. గోడలనిండా చక్రాలు, గొట్టాలు, ముళ్లు తిరిగే గడియారాల్లాంటి మీటర్లు. పడుకోవడానికి అరల్లాంటి మంచాలు, కొన్ని టార్పెడోల పక్కనే. ఒకడు డ్యూటీకి లేస్తే, వాడి ఒంటి వేడి ఆరకముందే ఆ పడకలో మరొకడు వాలేవాడు. స్నానానికి నీళ్లు కరువు. పగలూ రాత్రీ తేడా లేదు.

చూపించేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉంటారు. మాకు చెబుతున్నాయన గొంతు తగ్గించి చెప్పాడు, ఎన్నోసార్లు చెప్పిన మాటలే అయినా. లోపల గట్టిగా మాట్లాడే అలవాటు పోతుందట. నాకు అక్కడ యుద్ధం కంటే ఆ ఇరుకే ఎక్కువ ఆలోచన పుట్టించింది. మనిషికీ మనిషికీ మధ్య జానెడు ఖాళీ లేనిచోట వారాల తరబడి ఎలా బతికారు? గొంతు తగ్గించి, చెప్పింది చేసి, ఎదుటివాడి చిరాకును చూసీ చూడనట్టు ఉండి. స్థలం లేనప్పుడు మర్యాదే స్థలమైపోతుంది కాబోలు.

దానికి కొద్ది దూరంలోనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఉంది. ఆ డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ రేవు బయటే మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లంటారు, లోపలి పేలుడో సొంత మైన్లో కారణమని వాళ్లంటారు. ఎవరి మాట ఎలా ఉన్నా అందులోని 90 మందికి పైగా నావికులు ఆ నీళ్లలోనే పోయారు. ఇక్కడ ఐస్‌క్రీం చేతిలో పట్టుకుని ఒక జలాంతర్గామిని చూస్తున్నాం, కనుచూపు మేరలో మరొకటి కనపడకుండా ఉంది. నాతోపాటు దిగిన పిల్లలు మెట్ల మీద ఫొటోలు దిగుతున్నారు. వాళ్లకు ఇప్పుడే తెలియకపోయినా మునిగిపోయేదేమీ లేదు.

మధ్యాహ్నం భోజనం హోటల్లో "ఒక్కరేనా?" అని అడిగి, నలుగురి టేబులు దగ్గర ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీ చూపించాడు సర్వరు. ఒంటరివాడికి మన హోటళ్లలో ఒంటరి టేబులు ఉండదు. అది నాకు నచ్చుతుంది. ఎదురుగా ఉన్నాయన "మేస్టారూ, ఆవకాయ ఇటు జరపండి" అన్నాడు, నేను జరిపాను. ఆయన నెయ్యి గిన్నె నావైపు తోశాడు. పేర్లు అడుక్కోలేదు, ఊళ్లు అడుక్కోలేదు. పెరుగన్నం అయ్యాక ఒక తల ఊపు, అంతే. కురుసురలో ఉన్న దగ్గరితనం కాదిది, వాకిట్లో పలకరింపులాంటిదీ కాదు. ఎదుటివాడికి ఏం కావాలో చూడటం, అంతకుమించి చూడకపోవడం.

విశాఖకు వచ్చేవాళ్ల దగ్గర ఒక జాబితా ఉంటుంది: కైలాసగిరి, సింహాచలం, డాల్ఫిన్స్ నోస్, యారాడ, రుషికొండ, భీమిలి, వీలైతే అరకు కూడా. ఒక్కరోజులో ఇవన్నీ ముట్టుకుని రావడాన్ని చూడటం అనరు, హాజరు వేయించుకోవడం అంటారు. నేను కైలాసగిరి రోప్‌వే ఎక్కలేదు. భీమిలి బస్సెక్కి తొట్లకొండ దగ్గర దిగాను.

రోడ్డు మీది నుంచి పైకి మంచి నడక. డిసెంబరు ఎండ కూడా వీపు మీద చురుక్కుమంది. కొండ ఎత్తు 128 మీటర్లే గాని, పైకి చేరాక కింద సముద్రం మడత విప్పినట్టు ఒక్కసారిగా కనపడుతుంది. అలలు తెల్లటి గీతల్లా ఉంటాయి, చప్పుడు మాత్రం పైదాకా రాదు. సుమారు రెండువేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. క్రీస్తు తర్వాత మూడో శతాబ్దం నాటికి ఖాళీ అయిపోయింది. తర్వాత మట్టి కప్పేసింది. 1976లో నౌకాదళం స్థావరం కోసం విమానం మీద నుంచి సర్వే చేస్తుంటే బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. ఇప్పుడున్నవి స్తూపం, చైత్యాలు, విహారాల పునాదులు, భోజనశాల, రాతిని తొలిచి చేసిన నీటి తొట్లు. 2019 అక్టోబరు వానలకు, బాగుచేసి నిలబెట్టిన స్తూపంలో కొంత కూలింది. మళ్లీ కట్టారు.

నేను చాలాసేపు విహారాల దగ్గరే ఉన్నాను. ఇటుక గోడలు మోకాలి ఎత్తుకు మించి లేవు గనక మొత్తం ఏర్పాటు పైనుంచి పటం చూసినట్టు కనపడుతుంది. ఒక్కో భిక్షువుకు ఒక్కో గది, ఒక మనిషి పడుకుంటే, కూర్చుంటే సరిపోయేంత. తలుపు తీస్తే అందరికీ ఉమ్మడి ఆవరణ. అన్నం అందరికీ ఒక్కచోట. వాననీళ్లు పట్టి దాచుకున్న తొట్లు అందరివీ. ఒంటరితనాన్ని వాళ్లు గది గోడల మేరకే ఉంచారు, ఆకలినీ దాహాన్నీ మాత్రం కలిపి పెట్టారు. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా బతుకుతున్నాం అనిపించింది: అన్నం ఎవరి గదిలో వారు ఫోను చూసుకుంటూ తింటాం, ఆలోచనలు మాత్రం గంటకోసారి అందరి ముందూ పరుస్తాం.

ఇంకో మాట. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే కింద ఓడల రాకపోకలుండేవి. వర్తకుల దానాలతోనే కొండ మీది సంసారం కాని సంసారం నడిచి ఉంటుంది. అన్నీ వదిలేసినవాళ్లు అడవిలోకి పోకుండా ఓడలదారి కనపడే కొండ ఎందుకు ఎంచుకున్నారా అంటే, జవాబు అక్కడే నిలబడితే తోస్తుంది. భిక్షకు దిగి మళ్లీ ఎక్కగలిగేంత దగ్గర, బేరసారాల గోల వినపడనంత దూరం. నేను ఒక గది గోడ పక్కన కూర్చుని నీళ్ల సీసా ఖాళీ చేశాను. వాచ్‌మన్ ఒకసారి వచ్చి చూసి, గోడ మీద కూర్చోలేదని నమ్మకం కుదిరాక వెళ్లిపోయాడు.

తిరుగు బస్సు రుషికొండ మీదుగా వచ్చింది, అక్కడ దిగలేదు. ఆ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా ఉంటుంది. కానీ నాకు సాయంత్రపు జనం కావాలనిపించింది, అందుకు రామకృష్ణా బీచే సరి.

ఇక్కడ సాయంత్రం సూర్యుడు కొండల వెనక దిగుతాడు. వీపు వెనక ఆకాశం ఇంకా ఎర్రగా ఉండగానే ఎదుట సముద్రం నల్లబడటం మొదలవుతుంది. అప్పటికి ఇసుక మీద కాలు పెట్టడానికి చోటుండదు. మురీ మిక్చర్ బండ్లు, బజ్జీల నూనె వాసన, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, గుర్రం మీద ఊరేగే పిల్లలు. వేరుశనగలు అమ్మే ముసలమ్మ పొట్లం కడుతూ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఒక్కలే వచ్చీసినారేటి బాబూ? ఇంటికాడోలు రానేదా?"

"లేదమ్మా, నేనొక్కణ్ణే."

"పోన్లెండి, పోట్లాట్లుండవు" అని గుప్పెడు కొసరు వేసింది.

బీచిలో ఒంటరివాడికి ఒక ఉద్యోగం ఉంటుంది, అది ఎవరూ చెప్పరు. పొద్దుటి నుంచి నాకు తెలియనివాళ్ల ఫొటోలు ఎన్ని తీశానో. ఫోను చేతికిచ్చి, వరసగా నిలబడి, "బాబాయ్, వెనకాల షిప్పు కూడా పడేలా" అంటారు. ఇప్పుడైతే ఒక కుటుంబం నా ముందు చెప్పులన్నీ కుప్పగా విడిచింది. వాటి పక్కనే ఒక హ్యాండ్‌బ్యాగు, ఒక తువ్వాలు. "అన్నయ్యా, కొంచెం చూస్తూ ఉంటారా, ఇప్పుడే వచ్చేస్తాం" అంది ఆవిడ. నేనెవరో తెలియదు. ఒక్కణ్ణే కూర్చుని పల్లీలు తింటున్నవాడు పారిపోడని ఎలా అనుకుందో. వాళ్లు చేతులు గొలుసుకట్టుకుని నీళ్ల దగ్గరకు వెళ్లారు. అల వచ్చినప్పుడల్లా గొలుసంతా వెనక్కి వాలి కేకలు పెడుతోంది. చిన్నపిల్ల మధ్యలో ఉంది, రెండు చేతులూ రెండువైపులా ఎవరో ఒకరు పట్టుకునే ఉన్నారు. వాళ్ల నాన్న కాస్త లోపలికి పోబోతే లైఫ్ గార్డు విజిల్ వేశాడు, ఆయన తిరిగొచ్చాడు.

తడి బట్టలతో వచ్చి ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కుంటుంటే ఆ పిల్ల నన్ను అడిగింది:

"అంకుల్, మీరు నీళ్లలోకి ఎందుకు రాలేదు?"

"మీ చెప్పులు ఎవరు చూస్తారు మరి?"

ఆ పిల్లకు అది జవాబుగా తోచలేదు. "ఇప్పుడు మేం చూస్తాంగా" అంది. వాళ్లమ్మ నవ్వి, చేతిలో ఉన్న మురీ మిక్చర్ పొట్లం కింద పెట్టి, నిజంగానే ఇసుక మీద చతికిలబడింది. నా రైలుకు ఇంకా టైముంది. చెప్పులు, ఫోను, మిగిలిన పల్లీల పొట్లం వాళ్ల ముందు పెట్టి, ప్యాంటు మడతపెట్టుకుని దిగాను, చీలమండల దాకానే. పిల్ల ఒడ్డు మీద నుంచి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తూనే ఉంది.