గాజుతొట్టెలో ఎన్ని చేపలు?

పిల్లల ముచ్చట కొరకో, దుకాణపు శోభ కొరకో, వాస్తు పేరు మీదనో గాజుతొట్టెలో చేపలను పెంచుట మన వర్తక కుటుంబములలో సామాన్యమైనది. తొట్టె కొన్న వెంటనే పుట్టు ప్రశ్న యొక్కటే: ఇందులో ఎన్ని చేపలు వేయవచ్చును? ఇది చూచుటకు చిన్న లెక్క వలె నుండును. కాని లెక్కింపబడునవి ప్రాణులు గనుక ఇది ధర్మవిచారణ లోనికి వచ్చును. ఈ విషయమున మంచినీటి చేపలను పెంచువారు ఒక తీరునను, ఉప్పునీటి చేపలను పెంచువారు మరియొక తీరునను ఆలోచింతురు. ఆ భేదమును గూర్చి పాఠక సోదరులకు నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మంచినీటివారిలో చిరకాలముగా నొక వాడుక లెక్క గలదు. చేప పొడవు అంగుళమునకు ఒక అమెరికా గాలను, అనగా సుమారు 3.8 లీటర్ల నీరు. ఉప్పునీటివారు ఈ లెక్క వినిన నవ్వుదురు. అదే అంగుళమునకు నాలుగైదు గాలన్లు కావలెనని కొందరందురు. అంగుళముల లెక్కయే పనికిరాదని తక్కినవారందురు. మంచినీటి తొట్టెలో ఇరువది చేపలు తిరుగు చోట, అంతే పరిమాణము గల ఉప్పునీటి తొట్టెలో నాలుగో అయిదో కనుపించును.

దీనికి నీటి స్వభావమే మొదటి కారణము. 25 డిగ్రీల వేడిమిలో మంచినీరు లీటరునకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకొనగలదు. సముద్రజలము సుమారు 6.7 మాత్రమే. రెండవది అమ్మోనియా. చేప విసర్జించినదియు, మిగిలిపోయిన మేతయు అమ్మోనియాగా మారును. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును చేపలకు విషములే. సముద్రజలమునకు క్షారగుణ మెక్కువ గనుక, అమ్మోనియాలో విషరూపమున నుండు భాగము తటస్థమైన మంచినీటిలో కంటె పదింతలకు పైగా నుండును. పైగా నీరు మార్చవలసి వచ్చినప్పుడు మంచినీటివాడు పంపునీటిని శుద్ధి చేసి పోసుకొనును. ఉప్పునీటివాడు లీటరునకు సుమారు 35 గ్రాముల ప్రత్యేకపు ఉప్పు కొని కలుపవలెను. అందుచేత అతడు ఒక చేపను వేసి, కొన్ని వారములు వేచి, నీటిని పరీక్షించి, అటుపిమ్మటనే రెండవదానిని తెచ్చును.

ఇంతవరకు శాస్త్రము. ఇక ధర్మము సంగతి. ఉప్పునీటివాని నిగ్రహము దయవలన కలిగినదా? సూటిగా చెప్పవలెనన్న, అందులో సగము ధరవలన కలిగినది. గప్పీ చేప చచ్చిన మరునాడు కొద్ది రూపాయలకే మరియొకటి దొరకును. చెన్నపట్నపు కొళత్తూరు వంటి తావులలో మంచినీటి చేపలను విస్తారముగా పెంచి అమ్ముచున్నారు. చౌకగా దొరకు ప్రాణి చావు జమాఖర్చులోనికి ఎక్కదు. సర్జన్ చేప చచ్చెనేని వేల రూపాయలు పోవును గనుక యజమాని నిద్ర పోడు. మనము ధర యెక్కువైన సరకును భద్రముగా దింపించి, చౌక సరకు బస్తాలను ఎత్తివేయించునట్లే ఇదియు. సరకు విషయమున అది వ్యాపారము. ప్రాణి విషయమున నట్లు చేయుట న్యాయమా? గప్పీకి ఊపిరాడని బాధ దాని వెలను బట్టి తగ్గదు.

ఉప్పునీటివారి తొట్టె చూచి వారే దయాపరులని తీర్పు చెప్పుటకును వీలు లేదు. మంచినీటి అలంకారపు చేపలలో అధిక భాగము మనుష్యులు పెంచినవి. సముద్రపు చేపలలో అధిక భాగము నేటికిని పగడపు దిబ్బలనుండి పట్టి తెచ్చినవే. ఫిలిప్పీన్ దీవులలో 1960 ప్రాంతమునుండి సైనైడు చల్లి చేపలను మైకపరచి పట్టు అలవాటు ప్రబలి, చేపలతోబాటు పగడపు జీవులును నశించినవి. ఇంగ్లండులో 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ సముద్రజీవుల తొట్టెలను గూర్చి గ్రంథము వ్రాయగా, ఆ వేడుక ఇంటింటికి ప్రాకి, జనులు తీరముల వెంట రాతిగుంటలను గాలించి జీవులను తరలించుకొనిపోయిరి. తండ్రి వర్ణించిన ఆ శోభ పాడయిపోయినదని అతని కుమారుడు ఎడ్మండ్ 1907లో విచారముతో వ్రాసినాడు. తొట్టెలో నాలుగే చేపలున్నను, ఆ నాలుగు ఇల్లు చేరుటకు దారిలో ఎన్ని చచ్చెనో గాజు చూపదు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు క్లౌన్ చేపలను తొట్టెలలోనే పిల్లలు చేయించు పద్ధతి సాధించుట ఈ దోషమును కొంత తగ్గించు మార్గము.

తక్కువ సంఖ్యయే దయ యనుకొనుటయు పొరబాటే. నియాన్ టెట్రా గుంపులో బ్రతుకు చేప. రెండే ఉంచిన బెదరి మూల నక్కియుండును. ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు పోట్లాటకు పేరుపడినవి. వానిని పెంచువారు కావలెననియే కొంత ఎక్కువగా వేయుదురు. బలమైనది ఒక్కదానినే తరిమి చంపకుండ దాని కోపము పలువురికి పంపకమగునని వారి యుక్తి. సరస్సులో ఓడినది పారిపోవుటకు చోటున్నది, తొట్టెలో లేదు. ఆ చోటు లేమికే ఈ యుక్తి అవసరమైనది.

కావున అసలు భేదము సంఖ్యలో లేదు, అడుగు ప్రశ్నలో నున్నది. మంచినీటి వాడుక లెక్క "ఈ తొట్టె ఎన్నింటిని మోయును?" అని అడుగును. ఉప్పునీటివారిలో మంచివారు "ఈ ప్రాణికి ఏమి కావలెను?" అని అడుగుదురు. మొదటిది గోదాము ప్రశ్న. దానితో లెక్కయును తప్పును. అంగుళపు చేపలు పదియు, పది అంగుళముల చేప ఒకటియు సమానమని ఆ సూత్రము చెప్పును. కాని పొడవు పదింతలైన బరువు సుమారు వేయింతలగును. అనగా ఆ ఒక్కటి ఆ పదింటికి నూరు రెట్లు బరువుండును, తినుటయు విసర్జించుటయు ఆ పదింటికంటె ఎంతో ఎక్కువగును. దుకాణములో రెండంగుళములున్న పాచి తిను సక్కరు చేప అడుగునకు పైగా పెరుగును. కొనునాడు తొట్టె సరిపోవును, రెండేండ్లకు సరిపోదు.

అప్పుడేమి చేయుదురు? చెరువులో విడిచి జీవదయ చేసితిమని సంతోషింతురు. ఆంధ్రలో దెయ్యపు చేప యని జాలరులు తిట్టుకొనునది ఈ జాతియే. అది కృష్ణలోను, చెరువులలోను వ్యాపించి, ముళ్లతో వలలు చింపి, స్థానికపు చేపల మేతకును గుడ్లకును ముప్పు తెచ్చుచున్నది. ఒక ప్రాణికి విడుదల యనుకొన్నది వేల ప్రాణులకు కీడైనది. దయకును ముందుచూపు కావలెను.

గృహస్థుని అహింసావ్రతమునకు పెద్దలు చెప్పిన అతిచారములు అయిదు: బంధము, వధ, ఛవిచ్ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఎద్దుపై మితిమీరిన బరువు వేయుట దోషమని మనకు తెలియును. ఇరుకు నీటిలో చేపలను క్రిక్కిరియ వేసినచో ఆ బరువు వాని ఊపిరిపైననే పడును. బంధమునే దోషమని చెప్పినప్పుడు తొట్టెయే దోషము కదా, ఎన్ని చేపలను ప్రశ్న యెందుకని కొందరడుగుదురు. ఆ మాట సత్యము. తొట్టె లేని ఇంటికి క్రొత్తగా తేవలదనియే నా అభిప్రాయము. కాని ఇదివరకే ఉన్న చేపను చెరువులో విడువరాదని పైన చూచితిమి. దానిని బ్రతికినన్నాళ్లు పోషించుట మన మీదనున్న ఋణము. ఋణము తీర్చుట వర్తకునకు క్రొత్త గాదు.

అట్టి ఇండ్లవారికి నా మనవి యిది. పరిగ్రహమునకు పరిమాణము పెట్టుకొనినట్లు, చేపల సంఖ్యకును ముందే హద్దు పెట్టుకొనవలెను. ఆ హద్దు చేప పెరిగినప్పటి కొలతను బట్టియు, దాని నడతను బట్టియు నుండవలెను. హద్దు నిండిన పిమ్మట ఎంత అందమైనది కనబడినను కొనరాదు. చచ్చిన ప్రతి చేపను, అది పది రూపాయలదైనను, తేదీతో చిట్టాలో వ్రాయవలెను. ఏడాది చివర ఆ పుట తీసి చూచినచో, మన తొట్టెలో ఎన్ని చేపలుండవచ్చునో ఎవరిని అడుగవలసిన పని యుండదు.