తెరచుకొనని మూత

2016 నవంబరు మాసమున నింటెండో సంస్థ అమెరికాలో వెలువరించిన ఒక చిన్న ఆటయంత్రమునకు ముందువైపున ఒక మూత కలదు, అది తెరచుకొనదు. 1980వ దశకమున ఆ దేశపు పిల్లలు ఆ మూతనెత్తి, బూడిదరంగు ప్లాస్టిక్ క్యాసెట్టును లోనికి దోపి, క్రిందికి నొక్కి, ఆట మొదలుపెట్టుచుండిరి. ఇప్పుడా యంత్రమే అరచేతిలో ఇముడునంతగా కుదించుకొని, రంగునందును, అంచుల కోతయందును, మీటల అమరికయందును పూర్వరూపమును తప్పక తిరిగి వచ్చినది గాని, దోపవలసిన క్యాసెట్టే లేదు గనుక మూత కేవలమొక గీతగా మిగిలినది. 30 ఆటలును పుట్టుకతోనే దాని కడుపున ఉన్నవి. పనిలేని ఆ మూతను రూపకర్త ఏల అంత శ్రద్ధగా తీర్చెను? కొనువాడు దానిపై వ్రేలు రాచి ఏల సంతసించుచున్నాడు? ఈ చిన్న యంత్రముల ఆకర్షణను గూర్చి తలపోసినప్పుడెల్ల నా మనస్సు ఆ మూతయొద్దనే ఆగిపోవుచున్నది.

వాటికి లభించిన ఆదరణ అసాధారణమైనది. మొదటి యంత్రము 2017 ఏప్రిలు నాటికి 23 లక్షలు అమ్ముడుపోయి, ఇంకను కొనగోరువారు వేచియుండగనే సంస్థ తయారీని నిలిపివేసెను. దొరకనివారు చేతులు మారిన సరకును హెచ్చుధరలకు కొనిరి. మరుసటి సంవత్సరము జూనులో దానిని మరల విపణిలోనికి తేవలసి వచ్చినది. 2017 సెప్టెంబరులో 21 ఆటలతో సూపర్ నింటెండో, 2018 డిసెంబరు 3న, అనగా మాతృక 1994లో జపానున పుట్టిన తేదీనాడే, 20 ఆటలతో సోనీవారి ప్లేస్టేషను, 2019 సెప్టెంబరులో 42 ఆటలతో సెగావారి మెగా డ్రైవ్ ఇట్లే చిన్నరూపములు దాల్చినవి. సెగావారు నిష్ప్రయోజనమైన సౌందర్యమునందు అందరిని మించిరి. వారి చిన్న యంత్రముపైన శబ్దమును హెచ్చించు మీట పూర్వమువలెనే ముందునకు వెనుకకు జరుగును, శబ్దము మాత్రము హెచ్చదు, తగ్గదు. జపానునందైతే, పూర్వము ఆ యంత్రమునకు క్రిందను ప్రక్కను పైనను తగిలించుకొనెడి అనుబంధ యంత్రములకు గూడ చిన్నరూపములు చేసి అమ్మిరి. అవి ఏ పనియు చేయవు, తగిలించుకొని చూచుకొనుటకే.

ఇదంతయు గతస్మృతియొక్క మహిమయని చాలమంది తేల్చివేయుదురు. బాల్యమున ఆడిన ఆటను నడివయస్సున మరల ఆడవలెనను కోరికయే దీనికి మూలమని వారి వాదము. ఇందు సత్యము లేకపోలేదు గాని, మన తెలుగునాటి అనుభవమును ఎదుటనుంచుకొని చూచినచో ఆ వాదము సగము దారిలోనే ఆగిపోవును. 1990వ దశకమున మన పట్టణములలో టెలివిజనుకు తగిలించి ఆడిన వీడియో గేములలో అధికభాగము నింటెండో చేసినవి కావు; తైవానులోను చైనాలోను అనుమతి లేకయే చేయబడిన అనుకరణములు. వానిలో కొన్నిటి పైరూపము సెగా యంత్రమునది, లోపలి ప్రాణము నింటెండోది. మన పిల్లలు పోటీలుపడి ఆడిన కాంట్రా, తుపాకితో పిట్టలను కొట్టు డక్ హంట్, అందరును కారు రేసని పిలిచిన రోడ్ ఫైటర్, ఈ మూడును 2016నాటి 30 ఆటల జాబితాలో లేనేలేవు. పిట్టల ఆట చేరకుండుటకు కారణము గూడ తెలిసినదే: ఆ తుపాకి, వెనుకటి బొజ్జ టెలివిజనులలో గాజుతెరపై బొమ్మ గీయబడు క్షణపు వెలుగును పట్టి గురి తేల్చుకొనునట్టిది, నేటి పలుచని తెరలయెదుట అది గ్రుడ్డిదైపోవును. కనుక తెలుగు కుర్రవానికి ఈ యంత్రముయొక్క రూపమును తనది కాదు, అందలి జాబితాయు పూర్తిగా తనది కాదు. అయినను నాటి కుర్రవాండ్రు, నేడు పిల్లలు గల తండ్రులు, దీనిని మొదటిసారి చూచినప్పుడు చేతిలోనికి తీసికొని, త్రిప్పి త్రిప్పి చూచి, క్రింద పెట్టుటకు మనసొప్పకుండుటను నేనెరుగుదును. ఎన్నడును తనయొద్ద లేని వస్తువుపై ఈ మమకారమేమి? దీనికి స్మృతికన్న లోతైన మరియొక హేతువును వెదకవలసియున్నది.

వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణెపట్టి, లక్కరంగులు పూసి చేయు లక్కపిడతలను చూడుడు. పొయ్యి, కుండ, గరిటె, తిరుగలి, రోలు, సమస్తమును అందున్నవి. ఆడపిల్ల వానిని ముందు పరచుకొని కూర్చున్నప్పుడు, తల్లి వంటింట తనకందని ఎత్తులలో, తాకరాని వేడిమిలో ఉన్న ప్రపంచమంతయు ఆమె ఒడిలోనికి దిగివచ్చును. ఆ ప్రపంచమునకు ఆమె యజమానురాలగును. చిన్నరూపమిచ్చు ఆనందమునకు మూలమిదియేయని నా నమ్మకము: మనలను చుట్టుముట్టి మనకు మించియుండిన దానిని ఒక్క చూపులో ఆద్యంతములతో కనుచు, రెండు అరచేతుల నడుమ పట్టుకొనగలుగుట. ఈ యంత్రములయందు ఒక విశేషము గూడ కలదు. లక్కపిడతలో అన్నము ఉడకదు. ఇక్కడ ఈ చిట్టికుండలో నిజముగనే అన్నము ఉడుకుచున్నది. తీగ తగిలించి మీట నొక్కినచో ఆట నాటి ఆటయే, పాట నాటి పాటయే.

అయితే చిన్నతనమునకును ఒక మేర కలదు. ఈ నింటెండో యంత్రమునకే జపానున ఫ్యామికామని పేరు; అక్కడ వెలువడిన దాని చిన్నరూపముయొక్క చేతిమీటల పలకలు యంత్రమునకు తగినట్లు కుదించబడి, పెద్దవారి బొటనవ్రేలికి ఇరుకైనవి. నాడు చేయి చిన్నది, వస్తువు పెద్దది. నేడు వస్తువు చిన్నదై చేయి పెరిగినది, ఆ నడుమనున్న ముప్పది మూడేండ్లును ఆ బొటనవ్రేలి క్రిందనే నలుగుచున్నవి. సెగావారు 2020 అక్టోబరులో గేమ్ గేర్ మైక్రో అను, చేతపట్టి ఆడు యంత్రమును చేసినప్పుడు దాని తెర కొలత 1.15 అంగుళములు, దానికై భూతద్దమును గూడ కల్పించవలసివచ్చెను. నాలుగు రంగులలో, ఒక్కొక్క రంగునందు నాలుగే ఆటలుగా అది వచ్చినది. దానిని నేను మెచ్చుకొనలేను. చూచుటకు ముద్దుగానున్నను, ఆడువాని కన్నును చేతిని మరచిన చిన్నతనమది.

ఇక లోపలి సంగతి. 1983లో జపానున పుట్టిన నింటెండో మాతృకయొక్క హృదయము క్షణమునకు సుమారు 18 లక్షల స్పందనములతో కొట్టుకొనునది. పనిచేయుటకు దానికున్న జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. 1985నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆట అంతయు, దాని లోకములు, శత్రువులు, సంగీతము అన్నియు కలిపి 40 కిలోబైట్లలో ఇమిడినది. చోటు చాలక దాని రచయితలు ఆకాశమందలి మేఘమునకును నేలమీది పొదకును ఒకే బొమ్మను వాడి, రంగుమాత్రము మార్చిరి. ఆ దారిద్ర్యము ఎంత రమణీయమైనది! ఎన్నో కోట్లమంది ఆ మేఘములక్రింద, ఆ పొదలప్రక్కన పరుగిడిరి గాని, రెండును ఒకటేయని గుర్తించినవారు కొలదిమందియే. నేటి చిన్న యంత్రమున ఆ పాత చిప్పు లేదు. అందున్నది మొబైలు ఫోనులకు సరిపడు చిప్పు, లినక్సు వ్యవస్థ, ఆపై తానే ఆ పాత చిప్పునని నటించు ఒక ప్రోగ్రాము. మన కథలలోని పరకాయప్రవేశము ఇట్టిదే: దేహము వేరు, చైతన్యము వేరు. మూతయు మీటలును పూర్వదేహమునకు అనుకరణములు. లోపలి చిప్పు పూర్తిగా పరాయిది. ఈ రెంటి నడుమ నిలిచిన ఆట మాత్రము అక్షరము తప్పని పాతది.

పరకాయప్రవేశము చేసినవాని నడకను బట్టి అతడెవరో పోల్చుకొందురని కథలు చెప్పును. ఆటకు నడక అనగా లయ. నింటెండోవారు ఆ లయను కాపాడిరి. పాత టెలివిజను తెరపై కానవచ్చిన సన్నని అడ్డచారలను గూడ, కోరినవారికి కనబడునట్లు చిత్రించిరి. నాడు యంత్రముయొక్క లోపమని తలచబడినది నేడు దాని ముఖకవళికయైనది. సోనీవారి చిన్న ప్లేస్టేషనులో ఈ జాగ్రత్త లోపించెను. కొన్ని ఆటలకు క్షణమునకు 60 చిత్రములు చూపు ప్రతులను విడిచి, ఐరోపా టెలివిజనులకై 50 చిత్రములతో చేయబడిన ప్రతులను చేర్చిరి. ఎరిగినవారి వ్రేళ్లకు ఆ మందగమనము వెంటనే తెలిసిపోయెను. దానిని నడిపించిన ప్రోగ్రాము సైతము అభిమానులు వ్రాసి అందరికి ఉచితముగా విడిచిన పీసీఎస్ఎక్స్ రీఆర్మ్డ్ అనునదే. పైదేహము అందముగానేయున్నను, కొలది వారములలోనే దాని ధర తగ్గింపవలసివచ్చినది. రూపమొక్కటియే చాలునని తలచినవారికి అది తగిన సమాధానము.

ఉచిత ప్రోగ్రాముతో ఏ ఫోనునందైనను ఈ ఆటలను ఆడుకొనవచ్చునుగదా, ధనమిచ్చి యంత్రమును కొననేలయని అడుగువారున్నారు. ఇక్కడనే ఆ తెరచుకొనని మూతయొక్క అర్థము నాకు బోధపడుచున్నది. మన పట్టణములలో నాడు అమ్మిన క్యాసెట్లపైన 9999 ఆటలని అచ్చువేయబడియుండెడిది. ఆశతో తగిలించి చూచినచో కొలది ఆటలే పేర్లు మార్చుకొని, రంగులు మార్చుకొని, అంతులేని పట్టికగా దిగుచుండెడివి. నేటి ఫోనులోని ఆటల అంగడి ఆ క్యాసెట్టుకు పెద్దకొడుకు. అందలి ఆటలకు ఆద్యంతములు లేవు. ప్రతివారము అవి మారుచుండును, అడుగడుగునకు మన జేబుకై చేయిచాచును, ఒకనాడు సర్వరు ఆగిపోయినచో మాయమగును. చిన్న యంత్రముయొక్క మూత మూయబడియున్నది గనుకనే అది మనకొక అభయమిచ్చుచున్నది: ఇందులోనికి ఇక ఏదియు రాదు, ఇందుండి ఏదియు పోదు, ఉన్నవి 30, ఇవి నీవి. సంపూర్ణమైన వస్తువొకటి చేతికందుట ఈ కాలమున ఎంత అరుదైనదో తెలిసినవాడే ఆ మూతపై వ్రేలు రాచి సంతసించును. తెలుగు కుర్రవాడు ఎన్నడును చూడని ఆ రూపమును అంతగా మెచ్చుకొనుటకు గూడ కారణమిదియేయని నేననుకొందును. అతడు దానియందు చూచుచున్నది గతమును కాదు, పూర్తియైన ఒక ప్రపంచమును.

ఆ సంపూర్ణతయందే ఒక అద్భుతము గూడ సంభవించినది. స్టార్ ఫాక్స్ 2 అను ఆట 1990వ దశకపు నడుమ దాదాపు సిద్ధమైయుండియు, త్రిమితి చిత్రములు చూపు క్రొత్త యంత్రములు వచ్చుచుండుటచే వెలుగు చూడక నిలిచిపోయెను. దానికై శ్రమించినవారి పని రెండు దశాబ్దములకు పైగా చీకటిలో నుండి, 2017నాటి చిన్న సూపర్ నింటెండోలో మొదటిసారి అధికారికముగా లోకమునకు కనబడినది. పుట్టక పూర్వమే పాతదైపోయిన దానికి, పాతదనమే ప్రాణమైన యంత్రమున జన్మ లభించుటను తలచినప్పుడెల్ల నాకు మనస్సు ఆర్ద్రమగును.

ఒక్క విషయమున మాత్రము నాకు సందేహము తీరలేదు. ఈ చిన్న యంత్రములలో ఆటను ఏ క్షణమునందైనను ఆపి దాచుకొనవచ్చును. చిన్న సూపర్ నింటెండోలో కొంత వెనుకకు గూడ త్రిప్పుకొనవచ్చును. నాడు మూడు ప్రాణములు పోయినచో సామాన్యుడు మరల మొదటి లోకమునుండియే నడువవలసియుండెను. ఆ భయమే ప్రతి గెంతునకు బరువునిచ్చెడిది. ఉద్యోగములతోను సంసారములతోను అలసి అరగంట తీరిక దొరికినవానికి ఈ సౌకర్యము వరమేయని ఒప్పుకొందును. అయినను ప్రాణములకు వెలలేనిచోట విజయమునకును వెల తగ్గును; చేతనైనంతవరకు ఆ మీటను తాకక ఆడుటయే మేలు.

ఇన్ని చెప్పియు, ఈ యంత్రములు గతమును కాపాడుచున్నవని మాత్రము ఎవరును నమ్మవలదు. అవి ఎన్నుకొనిన గతమునే కాపాడును. అమెరికాలో వెలువడిన ప్రాచీన వీడియో గేములలో నూటికి 87 నేడు విపణిలో దొరకుటలేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ తన పరిశీలనలో తేల్చినది. హక్కులున్న ఆటలకే ఆ గతియైనప్పుడు, మన పట్టణముల అనుకరణయంత్రముల గతి ఏమగును? వానికి చిన్నరూపమును ఏ సంస్థయు చేయదు. హక్కున్నవారికి ఇష్టముండదు, చేసినవారి పేర్లు తెలియవు. కావున మీ ఇంటి అటకమీద అట్టి వీడియో గేమ్ గాని, పసుపురంగు క్యాసెట్టు గాని ఉన్నచో పాత ఇనుపసామానుల వానికి వేయకుడు. దానిపైని బొమ్మకాగితమును ఫోటో తీయుడు; అందున్న ఆటలు ఏ పేర్లతో ఉన్నవో వ్రాసియుంచుడు; ఏ ఊరిలో, ఏ దుకాణమున, ఎంతకు కొన్నదో ఇంటి పెద్దలనడిగి, వారికి జ్ఞాపకమున్నప్పుడే సంవత్సరముతో సహా దానిప్రక్కన చేర్చుడు.