పిలుపా, పురమాయింపా?

నేను మాదిగోన్ని. మా వాడలో ఇంటర్ పాసయిన మొదటివాన్ని. 2005లో డిగ్రీ చదువుదామని హన్మకొండ వచ్చినప్పుడు ఒక రేకు పెట్టె, ఒక చాప, నాయిన అంగట్ల కొనిచ్చిన రెండు జతల బట్టలు తెచ్చుకున్నాను. డప్పు తెచ్చుకోలేదు. దూలానికి వేలాడే ఆ డప్పును వదిలి రావడమే చదువు అనుకునే వయసు అది.

హన్మకొండ, వరంగల్, కాజీపేట మూడూ కలిసిపోయిన పట్నం. 1959లో ఇంజనీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ వచ్చాయి. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. వాటి చుట్టూ డిగ్రీ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు. ఇక్కడ చదువుకునే పిల్లలకు ఏడాది లెక్క పరీక్షలతో ఉండదు, పండుగలతో ఉంటుంది. చేరగానే ఫ్రెషర్స్ డే. భాద్రపదంలో వినాయకుడు. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు బతుకమ్మ. ఆ వెనకే దసరా, జమ్మి ఆకు. ఎండలు ముదరక ముందు యాన్యువల్ డే, ఆ తర్వాత ఫేర్‌వెల్. రెండేళ్లకోసారి మాఘ పున్నానికి మేడారం బస్సులెక్కి సమ్మక్క సారక్కల దగ్గరికి పోవడం. ఎన్ఐటీలో స్ప్రింగ్ స్ప్రీ జరిగే రాత్రుల్లో మేము కాంపౌండు గోడ బయట నిలబడి పాటలు వినేవాళ్లం. ఊర్లో అయితే పండుగ ఊరికి వేరు, వాడకు వేరు. కాలేజీలో పండుగ అందరిదీ అని సీనియర్లు చెప్పారు. నేను నమ్మాను. నమ్మినందుకు ఇప్పుడు కూడా సిగ్గుపడను.

అందరిదీ అనేదానికి రుజువు చందా. మా హాస్టల్లో మెస్ బిల్లుతో పాటే వినాయకుని పేరు మీద మనిషికి యాభై రూపాయలు పడేవి. ఇచ్చేవాళ్లలో సాయిబుల పిల్లలున్నారు, చర్చికి పోయే మా వాళ్లున్నారు. కమిటీలో మాత్రం ఎప్పుడూ వాళ్లు కనపడరు. మా కులపోడే ఒకడు, బాప్తిస్మం తీసుకున్న ఇంటివాడు, నేనియ్య అన్నాడు. ఆ నెలంతా వాణ్ని పాస్టర్, పాస్టర్ అని పిలిచారు. నవ్వుతూనే పిలిచారు. నేను కూడా నవ్వాను. అది కూడా ఇక్కడ రాసిపెట్టాలి.

2006 నిమజ్జనం రోజు మాట్లాడుకున్న బ్యాండు రాలేదు. ఎక్కువ పైసలిచ్చే ఇంకో ఊరేగింపుకు పోయింది. ట్రాక్టరు మీద వినాయకుడు, ముందు వంద మంది పిల్లలు, చప్పుడు లేదు. మా పక్క ఊరివాడు ఒకడు, అప్పటిదాకా నా సంగతి ఎవరికీ చెప్పనివాడు, ఆ తొందరలో నోరు జారాడు. "వీని నాయిన డప్పు కొడితే మూడూర్లు లేస్తయి రా" అన్నాడు. పొగడ్తే. ఎక్కణ్నుంచో రెండు డప్పులు తెచ్చారు. నా పక్క మంచం మిత్రుడు, నాతో ఒకే పళ్లెంలో తిన్నవాడు, నా చెయ్యి పట్టుకుని "మామా, ఇయ్యాల నువ్వే దిక్కు" అన్నాడు.

కొట్టాను. గడ్డి మంట వేసి డప్పు కాగబెట్టాను. తోలు ఎక్కడ వదులుగా ఉందో వేలితో తట్టి చూసుకున్నాను. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. పన్నెండేళ్లప్పుడు నేర్చిన దరువును చేతులు మరిచిపోలేదు. అబద్ధమెందుకు, ఆ రాత్రి నాకు సంతోషమైంది. ఇంగ్లీషు క్లాసులో తలవంచుకుని కూర్చునేవాణ్ని. నాకు వచ్చిన పని ఒకటుందని, దానికి వంద మంది ఊగుతారని అప్పుడే తెలిసింది. చెరువు దగ్గరికి వచ్చేసరికి నా మిత్రుడు ఎగిరి ఎగిరి చెమటలు కక్కుతూ వచ్చి, జేబులోంచి పది రూపాయల నోటు తీసి, నా తల చుట్టూ తిప్పి, అంగీ కాలరులో చెక్కాడు. వాణ్ని చూసి ఇంకొకడు. ఇంకొకడు. మొత్తం నూట డెబ్భై రూపాయలు. తర్వాత విగ్రహం దించడానికి అందరూ ట్రాక్టరు చుట్టూ చేరారు. నేనూ పోబోయాను. "నువ్వు ఆపకు మామా, కొడుతనే ఉండు" అన్నారు. నా యాభై రూపాయలు కూడా ఉన్న దేవుడు నీళ్లలోకి పోతుంటే నేను దూరంగా గట్టు మీద నిలబడి డప్పు కొడుతున్నాను. ఊర్లో మా నాయిన నిలబడేది సరిగ్గా అంత దూరంలోనే.

దసరాకు ఇంటికి పోయి నాయినకు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన చుట్ట ఆర్పి, "పైసలిచ్చిండ్రా?" అన్నాడు. ఇచ్చారన్నాను. "మరి పండుగకు పోయిన అంటవేంది కొడుకా, కూలికి పోయినవు" అన్నాడు. కాసేపాగి, "ఎంతిచ్చిండ్రు?" అనడిగాడు. చెప్పాను. "తక్కువేం గాదు" అన్నాడు.

మా నాయినను జ్ఞానిని చేసి చూపించే ఉద్దేశం నాకు లేదు. డప్పంటే సిగ్గుపడే మనిషి కూడా కాదాయన. చింతగింజల జిగురుతో తోలు అంటించి, పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు. చావులకు కొట్టడం మానేసింది కూడా సిద్ధాంతంతో కాదు, ఒక ఆసామి గింజలు తగ్గించి కొలిచినందుకు. మానేసినందుకు ఆరు నెలలు మా ఇంట్లోవాళ్లను ఎవరూ కూలికి పిలవలేదు. అవ్వ పక్క ఊరికి నడిచి పోయి కలుపు తీసి వచ్చేది.

నా ప్రశ్న అక్కణ్నుంచి మొదలైంది. పిలుపు ఎక్కడ అయిపోతుంది, పురమాయింపు ఎక్కడ మొదలవుతుంది? పైసలివ్వడమే తేడా అందామా? ఇవ్వకపోతే వెట్టి అయ్యేది, అది ఇంకా హీనం. మర్యాదగా అడగడమా? నా మిత్రుడు చెయ్యి పట్టుకుని అడిగాడు. వాడి మనసులో చెడు లేదని ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ కులం నడవడానికి చెడ్డ మనసు అక్కర లేదు, చేతి అలవాటు చాలు. డప్పు ముందు నిలబడగానే వాడి చెయ్యి జేబులోకి పోయింది. అదే ఇంగ్లీషు పాట పాడినవాడికి చప్పట్లు కొట్టాడు, కాలరులో నోటు చెక్కలేదు. రెండు చోట్లా వాడు సంతోషంతోనే ఉన్నాడు.

అంబేడ్కర్ 1936లో రాసిన కులనిర్మూలనలో నియమానికి, సూత్రానికి తేడా చెబుతాడు. నియమం ఇట్ల చెయ్యి అని చెబుతుంది. సూత్రం ఆలోచించి తేల్చుకోమంటుంది. ఆలోచించి చేసిన పని తప్పయినా కావచ్చు, కానీ దాని బాధ్యత చేసినవాడిది. నియమం ప్రకారం చేసిన పనిలో ఆ బాధ్యతకే జాగ లేదు. ఆ పుటలు నేను బీఈడీలో ఉన్నప్పుడు చదివాను. చదువుతుంటే చెరువు గట్టు గుర్తొచ్చింది. 1928లో బొంబాయి శాసనమండలిలో ఆయన మహార్ వతన్ మీద బిల్లు పెట్టింది కూడా ఊరి చాకిరీలోంచి మహార్లు బయటపడే దారి కోసమే గదా. కాదనే వీలు లేనిచోట మా తాత, మా నాయిన ఔనన్నారని ఎట్లా అంటాం?

వీలుందో లేదో తెలియాలంటే ఒకసారి కాదని చూడాలి. 2007లో కాదన్నాను. "పోయినేడు కొట్టినవు గద, ఇప్పుడేమైంది" అన్నాడొకడు. "లీడరైండు" అన్నాడొకడు. "కళకు కులమేంది రా" అన్నాడు ఇంకొకడు. "అయితే నేర్పిస్త, నువ్వు కొట్టు" అన్నాను. వాడు నవ్వి పోయాడు. నేనక్కడ ఉన్నన్ని రోజుల్లో నేర్చుకుంటానని ఒక్కడూ రాలేదు. ఆ ఏడాది యాన్యువల్ డేలో మాత్రం థర్మోకోల్ డప్పులు పట్టుకుని, సీడీ పెట్టుకుని జానపద నృత్యమని ఎగిరారు. ఫస్ట్ ప్రైజు వచ్చింది. నా పక్క మంచం మిత్రుడు ఏమీ అనలేదు. వారం దినాలు నాతో మాట్లాడలేదంతే. వాడు నిజంగానే నొచ్చుకున్నాడు. నేను తిట్టడానికి పనికొచ్చే శత్రువైతే నాకు సులువయ్యేది.

బతుకమ్మ సంగతి వేరు. మా ఊర్లో మా ఆడవాళ్లు వాడలోనే ఆడి, వాడ పక్క కుంటలోనే బతుకమ్మలను సాగనంపి వచ్చేవాళ్లు. హన్మకొండలో పద్మాక్షి గుట్ట కింద సద్దుల నాడు ఇసుక వేస్తే రాలని జనం. ఎవరు ఎవరిని అడుగుతారు? మా క్లాసులో మా వాళ్లమ్మాయి ఒకామె తంగేడు, గునుగు పేర్చుకుని పోయేది. "ఈడ నన్ను ఎవ్వలు గుర్తువట్టరన్నా, గందుకే మంచిగనిపిస్తది" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. గుర్తుపట్టనంతసేపే మనం పండుగలో ఉంటాం. పక్క ఊరివాడు నోరు జారేదాకా నా సంగతీ అంతే. అయినా ఆమె సంతోషం దొంగ సంతోషమని అనలేను. తొమ్మిది రోజులు ఎవరికీ జవాబు చెప్పుకోకుండా ఉండడం మా ఆడపిల్లలకు చిన్న విషయం కాదు.

మరి మన పండుగ? ఏప్రిల్ 11 ఫూలే, 14 అంబేడ్కర్. పరీక్షల రోజులు, హాస్టల్ సగం ఖాళీ. 2008లో ఇరవై మందిమి కలిసి పటం తెచ్చి దండ వేశాం. ఒకడు కొబ్బరికాయ తెచ్చాడు. కొట్టాలా వద్దా అని అర్ధరాత్రి దాకా వాదన. "ఆయన వద్దన్నడు" అని కొందరు, "కాయ కొట్టకుంటే మా అవ్వకు పండుగనిపియ్యదు" అని ఒకడు. చివరికి కాయను వరండా మెట్టుకు కొట్టి, పటానికి చూపించకుండా పంచుకు తిన్నాం. సిద్ధాంతమూ నిలబడింది, కాయా దక్కింది. పక్క గదులవాళ్లను పిలిచాం. రావాలని ఏమీ లేదు అని కూడా చెప్పాం. చాలామంది రాలేదు. నా మిత్రుడు వచ్చాడు. పటానికి దండం పెట్టాలో వద్దో తెలియక చెయ్యి సగం లేపి దించాడు. ఒక ముక్క తిని పోయాడు.

2009 డిసెంబర్ తర్వాత క్యాంపస్‌లన్నీ తెలంగాణ టెంట్లయినాయి. అప్పుడు పీజీలో ఉన్నాను. ఎవరూ అడగకముందే ఊరికి పోయి నాయిన డప్పు తెచ్చుకున్నాను. ధూంధాంలలో తెల్లవార్లూ కొట్టాను. ఒక్కడూ నోటు చెక్కలేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టినప్పుడు నాకు ఆరేళ్లు. ఊరి చాటింపు వేసిన డప్పుతోనే మా వాళ్లు తమ చాటింపు వేసుకున్నారని పెద్దయ్యాక అర్థమైంది. అదే తోలు, అదే మంట. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో కొట్టేవాడి చేతిలో ఉంది. ఐతే అక్కడ కూడా ఒక మాట ఉంది. టెంట్ల వెనక డప్పులు కాగబెట్టే జాగలో ఉన్నది మేము, మైకు దగ్గర ఉన్నది ఎక్కువగా వేరేవాళ్లు. అప్పుడు ఈ మాట అనలేదు. ఉద్యమం చెడుతుందని అనలేదు.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేశారు. అప్పుడు నేను డీఎస్సీకి చదువుతున్నాను. పేపర్లో చూసి, తినేదాన్ని ఇంట్లో తినక పండుగెందుకని మొదట నేనే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే మా కొబ్బరికాయ గుర్తొచ్చింది. పిలిచేవాళ్లు మనమై, ఇష్టముంటే రండి అన్న పండుగ అది. తినమని ఎవరినీ బలవంతపెట్టలేదు. ఐనా గొడవలైనాయి, విద్యార్థులకు దెబ్బలు తగిలాయి. వినాయకుడికి చందా ఇయ్యనన్నవాడికి మా హాస్టల్లో పడిన పేరు, ఇక్కడ పిలిచినవాళ్లకు పడిన దెబ్బలు నాకు ఒకే వరసలో కనిపించాయి.

ఇప్పుడు నేనొక జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. ఈ ఏడాది స్కూలు వార్షికోత్సవానికి అధికారులు వస్తున్నారు. మా హెడ్‌మాస్టరు మంచివాడు. "సార్, మీ పిల్లలున్నరు గద, డప్పులతోని స్వాగతం చెప్పిద్దాం" అన్నాడు. మీ పిల్లలంటే నా క్లాసు పిల్లలా, నా కులం పిల్లలా అని అడగబోయి ఊరుకున్నాను. వద్దని మాత్రం గట్టిగా చెప్పాను. చెప్పి గర్వపడ్డాను కూడా.

సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్లగాడు స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "సార్, నాకు కొట్టాలని ఉన్నది. మీరెందుకు వద్దన్నరు?"

ఇన్నేళ్ల ఆలోచన ఉండి వాడికి చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు. వాడిని అడగకుండా వాడి తరఫున కాదన్నాను. నన్ను అడగకుండా నా తరఫున ఔనన్నవాళ్లకూ నాకూ ఎంత దూరం? చివరికి ఆ పది రూపాయల నోటు సంగతి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "నోట్లు తీసుకోకుంటే సరిపాయె గద సార్" అన్నాడు. కాసేపాగి, "గేటు కాడ కాదు సార్, స్టేజి మీద కొడత. మైకుల నా పేరు చెప్పాలె" అన్నాడు.

మర్నాడు ప్రార్థన దగ్గర, డప్పు నేర్చుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా పేరు ఇవ్వొచ్చని చెప్పాను. నాలుగు పేర్లు వచ్చాయి. ఆ పిల్లగాడు, మా వాడ పిల్లలిద్దరు, ఊర్లోంచి ఒక అమ్మాయి. ఆ అమ్మాయి తల్లి నిన్న స్కూలుకు వచ్చింది. "అది తోలుది గద సారూ, గా చేతులతోనే పిల్ల అన్నం తింటది" అంది. పిల్ల తల్లి వెనక నిలబడి నావంకే చూస్తోంది. నేను చెప్పగలిగింది చెప్పాను. ఆమె ఔననలేదు, కాదనలేదు, పిల్లను క్లాసుకు పంపి పోయింది.

నాయిన డప్పు ఇప్పుడు నా దగ్గరే ఉంది. రేపు దాన్ని బండి మీద స్కూలుకు తీసుకుపోవాలి. గడ్డి ఆ పిల్లగాడు తెస్తానన్నాడు.