రాతిపువ్వు – సంచిలోని శిశువు

శరణాగతునకు స్వప్రయత్నము ఉండవలెనా? లేక సర్వభారమును స్వామిపై వైచి ఊరకుండుటయే శరణాగతియా? శ్రీవైష్ణవ సంప్రదాయమున ఈ ప్రశ్న ప్రాచీనమైనది. తల్లిని తానే గట్టిగా పట్టుకొను కోతిపిల్లను ఒక పక్షమువారు దృష్టాంతముగా చూపిరి. తల్లియే నోట కరచుకొని పోవు పిల్లికూనను మరొక పక్షమువారు చూపిరి. మర్కటకిశోర, మార్జారకిశోర న్యాయములు ఇవియే.

కొడవలూరునుండి నెల్లూరికి పోయి, పెన్న ఒడ్డున వెలసిన తల్పగిరి రంగనాథుని సేవించి వచ్చువారు కలరు. మోకాళ్లు సహకరింపక గడప దాటలేని వృద్ధమాతలును కలరు. "నడువలేనిదానను, నా భక్తి యేపాటిది?" అని అట్టివారు కుందుట సహజము. వారి కొరకు సృష్టిలోని రెండు అల్పజీవులను పరిశీలింపదగును.

మొదటిది మసాలాదినుసులలో కనిపించు రాతిపువ్వు. శైలేయము, అశ్మపుష్పము అని అమరకోశమున దీనికి పేర్లు. ఇది పువ్వు కాదు. ఒక్క ప్రాణియు కాదు. శిలీంధ్రమును నాచును కలసి ఒక్క దేహమై బ్రతుకుచున్నవని 1867లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ చెప్పగా ఆనాటివారు పలువురు నమ్మలేదు. నాచు సూర్యరశ్మితో ఆహారము సిద్ధపరచును; శిలీంధ్రము దానికి ఆశ్రయమిచ్చును. దీనికి వేరు లేదు, కదలిక లేదు. వేసవిలో ఎండి మృతప్రాయమై యుండును. తడి తగిలినంతనే తేరుకొనును. చినుకును వెదకికొని పోలేదు. వచ్చిన చినుకును విడువదు.

రెండవది భారతదేశమున లేని సంచిజంతువు. ఆస్ట్రేలియా నైరుతిమూల హనీ పాసమ్ అను చిట్టెలుకంత ప్రాణి కలదు. పూదేనెయు పుప్పొడియు దాని ఆహారము. పుట్టినప్పుడు దాని శిశువు బరువు సుమారు 5 మిల్లీగ్రాములే. కన్నులు తెరువని ఆ శిశువు తానే ప్రాకి తల్లి సంచిని చేరును. చనుమొన నోటికి అందిన పిమ్మట సుమారు రెండు నెలలు తల్లియే మోయును.

ఈ శిశువు కోతిపిల్లయా, పిల్లికూనయా? సంచిని చేరువరకు మొదటిది. చేరిన పిమ్మట రెండవది. అయినను ఆ ప్రాకులాటను తన గొప్పగా చెప్పుకొనదగునా? సంచిని నిర్మించినది అది కాదు. ప్రాకు బలమును ఇచ్చినదియు తల్లి గర్భమే. రాతిపువ్వుకు ఆ ప్రాకులాట కూడ లేదు. నిరీక్షణ మాత్రమే కలదు. నిరీక్షణయు ప్రయత్నమే కదా యని అడుగవచ్చును. కావచ్చును, కాని అది చినుకునకు వెల కాదు.

ఉపమానము ఏకదేశమున మాత్రమే. శిలీంధ్రమునకు నాచు కావలెను. భగవంతునకు జీవులవలన తీరవలసిన కొరత లేదు. మోయుట ఆయన స్వభావము. కనుక నడువగలవారు నడకను వెలగా ఎంచరాదు. నడువలేనివారు తమ అశక్తిని దోషముగా ఎంచరాదు. కాళ్లుండియు సోమరితనమున కూర్చుండువానికి మాత్రము రాతిపువ్వు సాక్ష్యము పలుకదు. ఇంట తులసికి చెంబెడు నీరు పోసి స్వామి పేరు తలచు తల్లియు, పెన్న ఒడ్డున చేతులు మోడ్చి నిలిచిన యాత్రికుడును ఒక్క సంచిలోని శిశువులే.